చూపు లేనివాళ్లకు చెక్కపని, ఇంటి రిపేర్లు: టేపు లేకుండా ఒక గోడ షెల్ఫ్, మొదటి నుంచి చివరి దాకా

అడిగేవాళ్లందరి ప్రశ్నా ఒకటే. "టేపు మీద అంకెలు కనబడవు కదా, కొలతలు ఎలా తీస్తారు?" వీలైనంత వరకు తీయం. అదే జవాబు. ఒక ముక్క పొడవు ఇంకో ముక్కకు రావాలంటే రెంటినీ పక్కపక్కన ఆనించి చూస్తాం. ఒకే పొడవున్న ముక్కలు నాలుగు కావాలంటే ఒక అడ్డుచెక్క బిగించి, అన్నిటినీ దానికే ఆనించి కోస్తాం. చేయి తిరిగిన వడ్రంగి, కళ్లు బాగా కనబడేవాడైనా సరే, చాలాచోట్ల చేసేది ఇదే.

నేర్చుకోవడానికి ఒక చిన్న గోడ షెల్ఫ్ చేద్దాం. పైన ఒక పలక, కింద రెండు పక్క చెక్కలు, వాటి మధ్య వెనకవైపు ఒక పట్టీ. పట్టీలోంచి గోడకు స్క్రూలు దిగుతాయి. కోత, బెజ్జం, జిగురు, గోడ పని అన్నీ ఇందులోనే వస్తాయి. ఇది వస్తే తర్వాత స్టూలైనా చెప్పుల స్టాండైనా మీ ఇష్టం. చివర్లో ప్రతి ఇంట్లోనూ వచ్చే రెండు రిపేర్లు కూడా చెప్పాను.

పూర్తిగా చూపు లేనివాళ్ల కోసం రాసింది ఇది. కాస్త చూపున్నవాళ్లు కూడా ఇలాగే చేయండి. సగం కనబడే గీత కన్నా వేలికి తెలిసే గాడి నమ్మకమైనది.

1. ముందు బల్ల సంగతి

నేల మీద కూర్చుని, కాలితో చెక్కను తొక్కిపెట్టి కోసే అలవాటు మన దగ్గర ఎక్కువ. చూపు లేకుండా అది వద్దు. చెక్క కదిలితే రంపం వెళ్లేది కాలి మీదికే. నడుము ఎత్తున్న, ఊగని బల్ల కావాలి. పాత చదువుకునే బల్లయినా ఫర్వాలేదు, గోడకు ఆనించి పెడితే ఊగడం తగ్గుతుంది.

బల్ల ముందు అంచు తప్ప మిగతా మూడు వైపులా వేలెడు ఎత్తున పట్టీ కొట్టండి. సామాను దొర్లి కింద పడదు. కుడి పక్కన పనిముట్లు, ఎడమ పక్కన క్లాంపులు (చెక్కను కదలకుండా బిగించి పట్టేవి), మధ్యలో పని. ఈ ఏర్పాటు మీ ఇష్టం. కానీ ఒకసారి పెట్టుకున్నాక మార్చకండి, ఇంట్లోవాళ్లను మార్చనివ్వకండి. సాయం చేద్దామని వచ్చి ఉలిని "ఇక్కడే పెట్టా"నని చెప్పి వెళ్లిపోయే బావమరిదితో వచ్చే ప్రమాదం రంపంతో వచ్చేదానికన్నా ఎక్కువ.

స్క్రూలకు పాత ఇడ్లీ ప్లేటు పెట్టుకోండి. గుంటకొక రకం. దాన్ని మించిన డబ్బా నాకింతవరకు దొరకలేదు. స్క్రూడ్రైవర్ల పిడులకు రబ్బరు బ్యాండ్లు వేయండి: నక్షత్రం మొనదానికి ఒకటి, చదును మొనదానికి రెండు. డ్రిల్ బిట్లను సైజు క్రమంలో ఒక చెక్క దిమ్మలో గుచ్చి ఉంచండి. 3 మి.మీ., 4 మి.మీ. బిట్లకు తేడా చేతికి తెలుస్తుంది గానీ, పని మధ్యలో ఆ పరీక్ష పెట్టుకోవడం దేనికి?

ఒంటి మీద:
- కంటికి దెబ్బ తగలకుండా కాపాడే కళ్లద్దాలు తప్పనిసరి. చూపు లేని కంటికి దెబ్బ తగలదా? పొట్టు పడితే మంటే, గీసుకుంటే ఇన్‌ఫెక్షనే.
- చున్నీ, వేలాడే చేతులు, జారే లుంగీ వద్దు. పొడవు జుట్టయితే ముడి వేసుకోవాలి.
- డ్రిల్ నడిపేటప్పుడు గ్లోవ్స్ వద్దు. తిరిగే బిట్‌కు గుడ్డ చుట్టుకుంటే చెయ్యి కూడా దానితో పోతుంది.
- కాళ్లకు బూట్లు. చెప్పులు సరిపోవు.
- చెవులకు ప్లగ్గులు గోడకు డ్రిల్ వేసేటప్పుడు మాత్రమే. మిగతా పనిలో చెవులే మన కళ్లు, వాటిని మూయకండి.

2. ఏం కొనాలి, ఏం అక్కర్లేదు

ప్లైవుడ్ షీటు మామూలుగా 8 అడుగులు బై 4 అడుగులు ఉంటుంది. అంత పెద్దదాన్ని ఇంట్లో కోయాలని చూడకండి. షాపులో మెషీన్ ఉంటే అక్కడే, లేకపోతే పక్కనుండే వడ్రంగి దగ్గర, 18 మి.మీ. ప్లైలోంచి 4 అడుగుల పొడవున్న బద్దలు రెండు కోయించండి: ఒకటి 200 మి.మీ. వెడల్పుది, ఇంకోటి 75 మి.మీ. వెడల్పుది. పొడవాటి కోతలు మెషీన్‌కి వదిలేసి, అడ్డకోతలు మనం చేద్దాం.

కావలసినవి:
- సన్న పళ్ల చేతి రంపం
- స్టీలు మూలమట్టం (పిడి, బ్లేడు లంబంగా కలిసి ఉండే పనిముట్టు)
- పదునైన చిన్న కత్తి, గీత పెట్టడానికి
- సీ క్లాంపులు నాలుగు (రెంటితో నెట్టుకురావచ్చు, కానీ విసుగు)
- హ్యామర్ మోడ్ (తిరుగుతూనే దెబ్బలు కొట్టేది) ఉన్న డ్రిల్ మెషీన్
- చెక్కకు 3, 4.5 మి.మీ. బిట్లు, స్క్రూ తలకు గుంట తీసే బిట్, గోడకు 8 మి.మీ. బిట్
- 8 నంబరు ఒకటిన్నర అంగుళం స్క్రూలు, 8 మి.మీ. వాల్ ప్లగ్గులు (గోడ బెజ్జంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టాలు, స్క్రూ వీటిలోకి దిగుతుంది), వాటికి సరిపోయే రెండున్నర అంగుళాల స్క్రూలు
- ఫెవికాల్, మాస్కింగ్ టేప్, 80, 120, 180 నంబర్ల సాండ్ పేపర్
- 50 మి.మీ. ఎత్తు, అడుగు పొడవున్న గట్టి చెక్క దిమ్మ, తిన్నగా చిత్రిక పట్టించింది. ఇది మన గైడ్.

ఇంకో చిన్న దిమ్మ కూడా చేయించండి. 50 మి.మీ. మందం టేకు ముక్కలో 3, 4.5 మి.మీ. బెజ్జాలు ఒకే వరుసలో, నిట్టనిలువుగా వేయించాలి. దిమ్మ పక్కకు ఒక సన్న పట్టీ కొట్టించాలి, పెదవిలా కాస్త కిందికి దిగేలా. బెజ్జాల మధ్యబిందువు ఆ పెదవి నుంచి సరిగ్గా 9 మి.మీ. దూరంలో ఉండాలి. 18 మి.మీ. ప్లై మందంలో సగం అది. ఇది ఎందుకో 6వ మెట్టులో తెలుస్తుంది. స్టాండు మీద బిగించిన డ్రిల్ ఉన్న ఏ వర్క్‌షాపులోనైనా చేసిస్తారు.

కరెంటు కట్టర్లు, టేబుల్ సా ఇప్పుడు వద్దు. చూపు లేనివాళ్లు వాటిని వాడలేరని చెప్పడం లేదు. అమెరికాలో జార్జ్ వుర్ట్‌జెల్ లాంటి చూపు లేని వడ్రంగులు టేబుల్ సా మీదే పని చేస్తారు. అయితే అది పక్కన ఒకరు నిలబడి నేర్పవలసిన విద్య, చదివి మొదలుపెట్టేది కాదు.

3. అంకెలు లేని కొలత

ఏ4 కాగితం పొడవు 297 మి.మీ. రెండు కాగితాలు వరసగా పెడితే 594, దాదాపు రెండడుగులు. మన షెల్ఫ్ పలక పొడవు అంతే. ఒక కాగితాన్ని పొడవు సగమయ్యేలా మడిస్తే 148.5 మి.మీ. అది పక్క చెక్కల ఎత్తు. వెడల్పు షాపులోనే అయిపోయింది. అన్ని కొలతలూ వచ్చేశాయి, ఒక్క అంకె కూడా చదవలేదు.

కాగితం అంచు మెత్తన కాబట్టి నేరుగా వాడకండి. సన్నని పట్టీ ఒకటి తీసుకుని, కాగితాలను దాని మీద చివరకు సరిగ్గా ఆనించి టేపుతో అంటించి, కాగితం ముగిసినచోట కత్తితో గాటు పెట్టండి. ఒక గాటు 594 దగ్గర, ఇంకోటి సగం మడత దగ్గర. ఇది మీ కొలత పట్టీ. మీద ఏ పని కోసమో బ్రెయిలీలో రాసి దాచుకుంటే ఇంకో షెల్ఫ్ అచ్చు ఇలాంటిదే వస్తుంది.

ఇక వెనక పట్టీ పొడవు. లెక్క ప్రకారం 594 లోంచి రెండు 18లు తీసేస్తే 558. కానీ ఆ లెక్కకు కోయకండి. 18 మి.మీ. అని అమ్మే ప్లై కాస్త అటూ ఇటూ ఉంటుంది. పలకను తిరగేసి బల్ల మీద పెట్టి, రెండు పక్క చెక్కలను చివరలకు సమంగా నిలబెట్టి, వాటి మధ్య ఉన్న సందుకు పట్టీని పెట్టి చూసి కోయాలి. తయారయ్యే వస్తువే తన కొలత చెబుతుంది.

కచ్చితమైన అంకె కావలసిన పనులూ ఉంటాయి, కిటికీ మెష్ లాంటివి. వాటికి క్లిక్ రూల్ అనే పరికరం ఉంది. గొట్టంలోంచి కడ్డీ లాగుతుంటే క్లిక్‌లు వినబడతాయి, ఒక్కో క్లిక్ అంగుళంలో పదహారో వంతు, అంటే సుమారు 1.6 మి.మీ. అమెరికాలో ఉన్న మనవాళ్లకు సులువుగా దొరుకుతుంది, ఇక్కడికి తెప్పించుకోవాలి. మాట్లాడే టేపులూ ఉన్నాయి. స్పర్శతో చదివే స్కేళ్ల కోసం డెహ్రాడూన్‌లోని ఎన్‌ఐఈపీవీడీకి (చూపు లేనివాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ) సికింద్రాబాద్‌లో ఉన్న కేంద్రంలో అడగొచ్చు. ఇవేవీ ఈ షెల్ఫ్‌కి అవసరం లేదు.

4. గీత: పెన్సిల్ పక్కన పెట్టండి

1. 200 మి.మీ. బద్ద చివర తిన్నగా ఉందో లేదో చూడండి. మూలమట్టం పిడిని పొడవు అంచుకు నొక్కి, బ్లేడును చివరకు ఆనించండి. మధ్యలోకి కాగితం ముక్క దూర్చండి. ఎక్కడైనా దూరితే అక్కడ సందు ఉన్నట్టే.

2. కొలత పట్టీని బద్ద చివరకు సమంగా పెట్టండి. సమంగా ఉందో లేదో బొటనవేలి గోరు అడ్డంగా లాగితే తెలుస్తుంది, గోరు ఎక్కడా తట్టకూడదు. గాటులోంచి కత్తి మొనతో చెక్క మీద చిన్న గుచ్చు.

3. ఆ గుచ్చులో కత్తి మొన అలాగే ఉంచి, మూలమట్టాన్ని జరుపుకుంటూ వచ్చి కత్తికి తగలగానే ఆపండి. ఇది మన పని మొత్తానికీ ప్రాణం లాంటి పద్ధతి. మొన గుచ్చులో, బ్లేడు మొనకు. ఇంకేం వెతకనక్కర్లేదు.

4. మూలమట్టాన్ని గట్టిగా పట్టుకుని కత్తితో మూడుసార్లు గీయండి. మొదటిసారి తేలిగ్గా, తర్వాత బలంగా. మొదటిసారే బలంగా గీస్తే కత్తి చెక్క నార వెంట పక్కకు పోతుంది.

5. పారేసే వైపు గీత పక్కన మాస్కింగ్ టేప్ ముక్క అంటించండి. "ఇటువైపు రంపం" అని చేతికి గుర్తు. చెక్కను ఎన్నిసార్లు తిప్పినా పొరపాటు రాదు.

5. కోత

గైడ్ దిమ్మను ఉంచుకునే వైపు పెట్టాలి. గీత రెండు చివర్లలోనూ కత్తి మొన గాడిలో పెట్టి, దిమ్మను కత్తికి తగిలేదాకా జరిపి క్లాంపులు బిగించండి. బిగించాక మళ్లీ ఒకసారి రెండు చివర్లూ చూడండి. క్లాంపు బిగిస్తుంటే దిమ్మ జరగడం మామూలే.

చెక్క కూడా బల్లకు క్లాంపులతో బిగిసి ఉండాలి, తెగి పడే భాగం బల్ల అంచు బయటికి వచ్చేలా. అలా ఉంటే చెక్కను పట్టుకోవడానికి చెయ్యి అక్కర్లేదు. ఎడమ చెయ్యి గైడ్ దిమ్మ మీద, మీ వైపు కాకుండా అవతలి వైపు, రంపం దారికి దూరంగా పెట్టండి. ఎడమ చెయ్యి ఎక్కడుందో మనసులో అనుకోకుండా రంపం కదపకూడదు. ఈ ఒక్క నియమం పైకి అనుకుంటూ చేసినా తప్పులేదు.

1. రంపం పక్కను దిమ్మకు ఆనించండి. దిమ్మ 50 మి.మీ. ఎత్తు ఉండటంతో రంపం నిలువుగానే ఉంటుంది, పక్కకు వాలదు.

2. మొదట మూడు నాలుగుసార్లు మీ వైపుకు మాత్రమే మెల్లగా లాగండి. చిన్న గాడి పడుతుంది. అప్పుడు ముందుకూ వెనక్కూ.

3. బలం పెట్టకండి. రంపం బరువు చాలు. దిమ్మకు రాసుకుంటూ పోవడమే మీరు చూసుకోవలసింది. చప్పుడు ఒకే తీరుగా ఉంటే కోత తిన్నగా పోతోంది. గీరుకుపోయి పట్టినట్టు వినిపిస్తే రంపం వాలింది, ఆపి మళ్లీ ఆనించండి.

4. చివరికి వచ్చేసరికి చప్పుడు మారుతుంది, తెగే ముక్క వేలాడటం మొదలుపెడుతుంది. అప్పుడే తొందర పడితే కింది పొర చీలుతుంది. ఇక్కడ ఎవరైనా పక్కనుంటే ముక్కను కిందనుంచి ఆనించి పట్టుకోమనండి. ఒక్కరే ఉంటే దాని కింద సరిపోయే ఎత్తున్న స్టూలు ముందే పెట్టుకోండి. చేయి మాత్రం కిందకు పెట్టకండి.

పలక అయ్యాక పక్క చెక్కలు రెండు. ఇవి ఒకేలా రావాలి. మొదటిది కోసి, దాన్నే కొలతగా పెట్టి రెండోది గీయండి. తర్వాత రెంటినీ పక్కపక్కన నిలబెట్టి పైన గోరు లాగి చూడండి. అర మి.మీ. తేడా కూడా గోరుకు తెలుస్తుంది. పొడవుగా ఉన్నదాన్ని సాండ్ పేపర్ చుట్టిన దిమ్మతో అరగదీయండి.

చివరగా వెనక పట్టీ, పైన చెప్పినట్టు సందుకు పెట్టి చూసి. కాస్త బిగుతుగా వచ్చేలా కోయండి. బిగుతైతే అరగదీయొచ్చు. వదులైతే చేసేదేమీ లేదు, ఇంకో ముక్క కోయడమే.

6. బెజ్జాలు, జిగురు, స్క్రూలు

బెజ్జాల దిమ్మకు పెదవి ఎందుకో ఇప్పుడు. పలక చివర అంచుకు పెదవిని ఆనిస్తే, బెజ్జం సరిగ్గా కిందున్న పక్క చెక్క మందం మధ్యకు వస్తుంది. గీత లేదు, గుర్తు లేదు. క్లాంపు బిగించి డ్రిల్ వేయడమే.

ముందు జిగురు లేకుండా ఒకసారి మొత్తం పేర్చి చూడండి. వెనక పట్టీ పైఅంచు పలకకు, వెనక ముఖం పక్క చెక్కల వెనక అంచుకు సమంగా ఉండాలి. గోరుతో చూడండి. అన్నీ సరిపోయాక విప్పండి.

పలకలో 4.5 మి.మీ. బెజ్జాలు, ఒక్కో చివర రెండు, మూలల నుంచి మూడు వేళ్లు లోపలికి. వెనక అంచు వెంబడి మూడు, కింద పట్టీలోకి దిగేలా. స్క్రూ తల కూరుకోవడానికి పైన కాస్త గుంట తీయండి. తర్వాత జిగురు రాసి, పేర్చి, క్లాంపులు బిగించి, ఆ బెజ్జాల్లోంచే 3 మి.మీ. బిట్‌తో కింది చెక్కలోకి దారి వేయండి. ప్లై అంచులోకి దారి లేకుండా స్క్రూ దింపితే పొరలు విచ్చుకుంటాయి.

డ్రిల్ వాడకంలో మూడు అలవాట్లు చేసుకోండి. బిట్ మొనను మెషీన్ ఆగి ఉండగానే, వేలు స్విచ్ మీద లేకుండా, చేత్తో చోటు చూసి పెట్టాలి. తిరగడం పూర్తిగా ఆగిందని చెవికి తెలిసేదాకా మెషీన్‌ను బల్ల మీద పెట్టకూడదు. పని అయిన వెంటనే బిట్‌ను ముట్టుకోకూడదు, కాలుతుంది.

స్క్రూలు బిగించాక కీళ్ల వెంట వేలు పోనివ్వండి. జిగురు బయటికి పొంగి ఉంటే తడిగుడ్డతో వెంటనే తుడవాలి. ఎక్కడా పొంగకపోతే అక్కడ జిగురు చాలలేదని అర్థం. మూలలు సరిగ్గా కుదిరాయో లేదో ఒక పుల్లతో చూడండి: ఒక మూల నుంచి ఎదురు మూలకు పెట్టి గాటు పెట్టి, రెండో జత మూలలకు అదే పుల్ల పెట్టాలి. గాటు అదే చోటికి వస్తే సరి, లేకపోతే పొడవున్న వైపు క్లాంపుతో నొక్కండి. రాత్రంతా అలా వదిలేయండి.

7. నునుపు, పూత

ఇక్కడ చూపున్నవాళ్ల కన్నా మనదే పైచేయి. 80తో మొదలుపెట్టి, 120, 180 దాకా రండి. పాత నైలాన్ గుడ్డ పలక మీద లాగితే చిన్న పెళ్లు కూడా చిక్కుకుని ఎక్కడుందో చెబుతుంది. పదునైన అంచులన్నిటినీ సాండ్ పేపర్‌తో కాస్త మొద్దు చేయండి.

వార్నిష్ కారితే చేతికి తెలిసేసరికి అది ఆరిపోయి ఉంటుంది. అందుకే గుడ్డతో రుద్దే నూనె పూత మంచిది. రాసి, పావుగంట ఆగి, మిగిలింది తుడిచేయడమే. ఒక హెచ్చరిక: అవిసె నూనె లాంటివి పీల్చిన గుడ్డలను ఉండ చుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. నీళ్లలో ముంచి, లేదా బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

8. గోడకు బిగించడం

మన ఇటుక గోడకు ఈ పద్ధతి. అమెరికా, కెనడా ఇళ్లలో గోడలు చాలావరకు జిప్సమ్ బోర్డువి. వాటి వెనక నిలువు చెక్కలుంటాయి, సాధారణంగా 16 అంగుళాలకొకటి. బోర్డు బిగించిన స్క్రూలను అయస్కాంతంతో వెతికితే చెక్క ఎక్కడుందో దొరుకుతుంది. స్క్రూ దానిలోకే దిగాలి.

డ్రిల్ ఆన్ చేసే ముందు:
- స్విచ్ బోర్డుకు నేరుగా పైన, కింద, పక్కన చోటు వద్దు. వైర్లు గోడలో చాలావరకు నిలువుగా, అడ్డంగా పోతాయి. ఆ దారికి రెండు వైపులా జానెడు వదలండి.
- గోడ అవతల బాత్‌రూమ్ గానీ వంటగది సింక్ గానీ ఉందా? ఉంటే ఇంకో గోడ చూసుకోండి.
- కూత పెట్టే వైర్ డిటెక్టర్ ఉంటే చోటంతా తిప్పి చూడండి.
- ఆ గదిలో వైర్లు పోయే సర్క్యూట్ కట్టేయండి. ఇన్వర్టర్ ఉన్న ఇల్లయితే మెయిన్ కట్టినా ఇన్వర్టర్ లైన్లలో కరెంటు ఉంటుంది, దాన్నీ ఆపాలి. డ్రిల్‌కు కరెంటు ఇంకో గది నుంచి పొడుగు వైరుతో.
- ఆ వైరు మీ కాళ్ల వెనక నుంచి వస్తోందా, ముందు నుంచా? వెనకే ఉండాలి.

వెనక పట్టీలో ముందే రెండు బెజ్జాలు వేసుకోండి, చివరల నుంచి జానెడు లోపలికి. ఇక వరుసగా:

1. షెల్ఫ్‌ను కావలసిన ఎత్తులో గోడకు ఆనించి, ఎడమ బెజ్జంలోంచి మేకు పెట్టి సుత్తితో రెండు దెబ్బలు. సున్నం మీద గుంట పడుతుంది. షెల్ఫ్ దించేయండి.

2. గోడ బిట్‌కు లోతు ఆపు పెట్టండి. చిన్న చెక్క ముక్కలోంచి బిట్ దూర్చి, మొన 55 మి.మీ. మాత్రమే బయటికి వచ్చేలా చేయండి. ముక్క గోడకు తగలగానే ఆగాలి. సిమెంటు ప్లాస్టరు మందం ఉంటుంది కాబట్టి, ప్లగ్ దాన్ని దాటి ఇటుకలోకి దిగాలి. ప్లాస్టరులో మాత్రమే నిలిచిన ప్లగ్ నాలుగు పుస్తకాలకే ఊడి వస్తుంది.

3. బిట్ నేలకు సమాంతరంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? బిట్ వెనక నునుపు భాగం మీద ఒక వాషర్ తగిలించండి. మెల్లగా తిప్పుతుంటే వాషర్ గోడవైపు జరిగితే మొన కిందికి వాలింది, మెషీన్ వైపు జరిగితే పైకి లేచింది. ఉన్నచోటే ఆడుతుంటే సరి. కుడి ఎడమలకు మెషీన్ వెనక భాగం మీ ఛాతీ మధ్యకు ఎదురుగా ఉంటే చాలు.

4. మొదట హ్యామర్ లేకుండా గుంట స్థిరపడనివ్వండి, తర్వాత హ్యామర్ మోడ్. ఇటుకలో బిట్ మెత్తగా దిగుతుంది. కొంచెం దిగి ఇక కదలకపోతే అది కాంక్రీటు స్తంభమో బీమో. బలం పెట్టకండి, అరచెయ్యి వెడల్పు పక్కకు జరగండి.

5. స్ట్రాతో పొడి ఊదేయండి, మొహం పక్కకు తిప్పుకుని. ప్లగ్‌ను సుత్తితో గోడకు సమం అయ్యేదాకా కొట్టండి.

6. షెల్ఫ్‌ను ఒక్క స్క్రూతో తగిలించండి, పూర్తిగా బిగించకుండా. పలక మీద గోళీ పెట్టండి. దొర్లిన వైపు పల్లం. ఆగేదాకా షెల్ఫ్‌ను తిప్పండి. ఐఫోన్ ఉన్నవాళ్లు మెజర్ యాప్‌లో లెవెల్ తెరిస్తే వాయిస్ఓవర్ డిగ్రీలు చదువుతుంది. గోళీ మాత్రం చార్జింగ్ అడగదు.

7. సమంగా ఉన్నప్పుడే కుడి బెజ్జంలోంచి మేకు గుంట. షెల్ఫ్‌ను కిందికి వేలాడేలా తిప్పి, రెండో బెజ్జం వేసి, ప్లగ్ కొట్టి, మళ్లీ పైకి తెచ్చి రెండు స్క్రూలూ బిగించండి.

9. ఎక్కువగా తప్పేచోట్లు

కోత ఒక చివర సరిగ్గా ఉండి ఇంకో చివర పక్కకు పోతే గైడ్ జరిగిందన్నమాట. నున్నటి క్లాంపు కింద సాండ్ పేపర్ ముక్క పెడితే జరగదు.

ప్లగ్ బెజ్జంలో గిరగిరా తిరుగుతుంటే బెజ్జం వెడల్పయింది. తలుపు బందుకు 10లో చెప్పిన పుల్లలు దూర్చే ఉపాయం గోడకు పనికిరాదు. కొంచెం పెద్ద ప్లగ్ వేయండి, లేదా గోడ పుట్టీతో మూసి పక్కన కొత్తది వేయండి.

స్క్రూ తల అరిగి డ్రైవర్ జారుతుంటే ఆపండి. సైజు తప్పు డ్రైవర్ వాడుతున్నారు. వెడల్పైన రబ్బరు బ్యాండ్ ముక్క తల మీద పెట్టి, నొక్కి తిప్పితే చాలాసార్లు వస్తుంది.

వైరు రంగు, పెయింటు రంగు లాంటివి తాకితే తెలియవు. ఫోను కెమెరాలోంచి చూపున్నవాళ్లు చూసి చెప్పే బీ మై ఐస్ యాప్‌లో ఎవరినైనా అడగండి. అయితే రంపం నడుస్తుండగా, డ్రిల్ తిరుగుతుండగా ఫోనులో మాట వింటూ పని చేయకండి.

10. వదులైన తలుపు బందు

తలుపు కింద రాసుకుంటుంటే సగంసార్లు కారణం పై బందు స్క్రూ వదులవడమే. తలుపు కింద చెక్క ముక్క దూర్చి బరువు ఎత్తిపెట్టండి. స్క్రూ తీసి, బెజ్జంలోకి తలలు విరిచేసిన అగ్గిపుల్లలు ఫెవికాల్ రాసి బిగుతుగా దూర్చండి. ఆరాక బయటికి ఉన్నవి కత్తితో సమం చేసి, పాత స్క్రూ దింపండి. ఒక్కో స్క్రూ చొప్పున చేయాలి, అన్నీ ఒకేసారి తీస్తే తలుపు మీద పడుతుంది.

గడియ దాని బెజ్జంలోకి దిగడం లేదంటే, బెజ్జం మీద తడి గోధుమపిండి ముద్ద అద్ది గడియ వేయండి. పిండిలో పడిన గుంటను వేలితో చూస్తే గడియ ఎటు తగులుతోందో తెలుస్తుంది. అటువైపు ఆకురాయితో అరగదీయండి.

11. కారే కుళాయి

తిప్పి తిప్పి కట్టే పాత రకం కుళాయికి ఇది. పావు తిప్పుకే కట్టుకునే రకంలో రబ్బరు వాషర్ ఉండదు, లోపలి కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి.

1. గేట్ వాల్వ్ కట్టండి. కుళాయి తెరిచి మిగిలిన నీళ్లు పోనివ్వండి. సింక్ బెజ్జంలో గుడ్డ కుక్కండి, స్క్రూ పడితే ఇక దొరకదు.

2. పిడి తీసి, పైభాగాన్ని పానాతో ఎడమకు తిప్పి విప్పండి. తీసిన ప్రతి ముక్కనూ తీసిన వరుసలోనే ఇడ్లీ ప్లేటులో ఎడమ నుంచి కుడికి పెట్టండి. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు.

3. కింద రబ్బరు వాషర్ ఉంటుంది. అరిగిందైతే మధ్యలో గుండ్రంగా గాడి పడి ఉంటుంది. దాన్నే షాపుకు తీసుకెళ్లి అదే సైజు తెచ్చుకోండి.

4. కొత్తది వేసే ముందు కుళాయి లోపల వాషర్ కూర్చునే చోట వేలు తిప్పి చూడండి. గరుకుగా, గాట్లుగా ఉంటే వాషర్ మార్చినా కారుతుంది. అప్పుడు కుళాయి మార్చడమే మేలు.

5. పైభాగాన్ని కుళాయి తెరిచి ఉన్న స్థితిలోనే బిగించండి. కట్టి ఉన్నప్పుడు బిగిస్తే కొత్త వాషర్ నలిగిపోతుంది.

6. మొత్తం కుళాయే మార్చేటట్టయితే మరలకు టెఫ్లాన్ టేప్ బిగించే దిశలోనే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి ముద్దవుతుంది. మరల చివరను మీ వైపు పెట్టుకుని గడియారం తిరిగే వైపుకు చుట్టండి.

7. వాల్వ్ తెరిచి, కుళాయి కట్టి, కింద స్టీలు పళ్లెం బోర్లించండి. ఒక్క చుక్క పడినా టంగుమంటుంది. పావుగంట దాకా చప్పుడు లేకపోతే పని అయిపోయినట్టే. పైభాగం చుట్టూ వేలికి తడి తగిలితే పానాతో ఇంకో పావు తిప్పు బిగించండి, అంతకుమించి వద్దు.